కుటుంబరావు వ్యంగ్యం: ప్రేమ పక్కన లెక్క

కొడవటిగంటి కుటుంబరావు నవలల్లో హాస్యం ఉందంటే కొందరు ఒప్పుకోరు. నవ్వించడం కోసం ఆయన రాయలేదన్నది నిజమే. పాత్రలచేత గంతులు వేయించలేదు, వెకిలిమాటలు పలికించలేదు. పెద్దమనుషులు గంభీరంగా అనే మాటను అంతే గంభీరంగా మళ్లీ చెప్పి, దాని పక్కన రూపాయల లెక్క పెడతారు. మనకు నవ్వు అక్కడ పుడుతుంది, కాస్త సిగ్గుతో కలిసి.

1909లో తెనాలిలో పుట్టిన ఈ రచయిత బాగా ఎరిగింది మధ్యతరగతి కుటుంబాన్ని. ‘చదువు’ నవలలో సుందరం పెరుగుతున్నకొద్దీ మొదటి ప్రపంచయుద్ధం, జాతీయోద్యమం, ఆర్థికమాంద్యం ఇంటి గడప దాటి లోపలికి వస్తాయి. మనుషుల మమతలు కూడా ఆ గాలికి కదిలేవే. ప్రేమను సమాజానికి ఎదురు నిలబెట్టినవాడు చలం. ఆ ప్రేమలోకే సమాజం ఎంతదూరం చొరబడిందో చూపినవాడు కుటుంబరావు.

ఈ చూపు మన ఒక్కరిదే కాదు. జేన్ ఆస్టిన్ 1813లో ప్రచురించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో డార్సీ పేరు వెంటే ఏటా పదివేల పౌన్ల రాబడి వినిపిస్తుంది. షార్లెట్ ప్రేమ లేకపోయినా ఒక నీడ కోసం కాలిన్స్‌ను చేసుకుంటుంది. రచయిత్రి ఎత్తిపొడుపు కాలిన్స్‌కు తగులుతుంది గాని, వేరే దారి లేని షార్లెట్‌కు కాదు. లెక్క వేసేవాళ్ల కన్నా, లెక్క వేయక తప్పని స్థితికి తెచ్చిన వ్యవస్థే అసలు దోషి.

ఇదంతా పాతకాలపు గొడవ కాదు. 2015లో మా తుళ్లూరు చుట్టుపట్ల రాజధాని కోసం భూసమీకరణ మొదలైంది. 33 వేల ఎకరాలకు పైగా అందులోకి పోయింది. పత్తి, మిరప పండిన నల్లరేగడి ప్లాట్లుగా మారింది. పసుపు కుంకుమల కింద ఎకరాలు రాసిన చేతులు గజాలు రాయసాగాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కుదిరిన సంబంధాలు ఆగిపోవడం నేనెరుగుదును. పిల్లా పిల్లవాడూ ఇష్టపడ్డ సంబంధాలు కూడా ఆగాయి. ఇష్టంలో మార్పేమీ లేదు, గజం ధర మారింది. కుటుంబరావు రాస్తే ఇంతకన్నా ఎక్కువ రాయరు.

అయితే ఆ వ్యంగ్యానికీ ఒక ఎల్ల ఉంది. మిరపకోతకు వెళ్లే కూలి స్త్రీ అందులో కేంద్రం కాదు. ఆమెకు రాసివ్వడానికి పొలం లేదు, ప్లాటూ లేదు. పొలాలు పోయాక కోతా లేదు. ఆమె ప్రేమకు, పెళ్లికి ఏ లెక్క అడ్డుపడుతోంది? అది ఈనాటి రచయితలు రాయవలసిన నవల. కుటుంబరావు పద్ధతి అందుకు పనికొస్తుంది. కోపం దాచుకోనక్కరలేదు, లెక్క మాత్రం తప్పు చెప్పకూడదు.