ఒక ల్యాప్‌టాప్, రెండు వ్యవస్థలు: ఒక విమర్శ

ల్యాప్‌టాప్ తెరవగానే ముందుగా మేల్కొని, తక్కిన ప్రోగ్రాములన్నిటికిని తావు చూపించు మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. విండోస్, లినక్స్ అట్టివి. ఒకే యంత్రములో వీటిని రెండింటినో, మూడింటినో పక్కపక్కన నెలకొల్పుట నేడు విద్యార్థులలో ఒక వేడుకయైనది. ఎట్లు చేయవలెనో చెప్పువారు పెక్కుమంది ఉన్నారు. ఎవరికి అవసరమో ఆలోచించినవారు తక్కువ. ఈ పద్ధతి గుణదోషములను మన ప్రాంతపు అవసరములను బట్టి పరిశీలింతము.

కరీంనగర్‌లోని డి.టి.పి. దుకాణమునకు పోయి చూడండి. ప్రశ్నపత్రములు, శుభలేఖలు, కరపత్రములు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో 'అను' ఫాంట్లతో కూర్చినవే. పేజ్‌మేకర్ చివరి రూపమైన 7.0 వెలువడినది 2001లో. ఆ ఫాంట్లు యూనికోడ్ పద్ధతివి కావు. రోమన్ అక్షరములకు కేటాయించిన సంఖ్యలకే తెలుగు అక్షరపు ముక్కల బొమ్మలు తొడిగినవి. కనుక ఆ ఫాంటు లేని యంత్రములో ఆ పత్రమును తెరచిన యెడల ఒక్క తెలుగు అక్షరమైనను కనబడదు. అవి నడచునది విండోస్‌పైననే.

ఇక ఆదిలాబాదు వైపు చూడుడు. గుంజాల గ్రామములో వ్రాతప్రతులుగా బయటపడిన గోండీ లిపికి 2018 జూన్‌లో యూనికోడ్ 11.0లో స్థానము లభించినది. 2009లో వెలువడిన విండోస్ 7 ఈ లిపిని ఎరుగదు. ఫాంటు తెచ్చి పెట్టినను అక్షరములను, గుణింతములను సరిగా కూర్చలేదు. కొత్త లినక్స్‌లోనైతే ఉచితముగా దొరకు నోటో ఫాంటుతో కుదురుగా కనబడును. పాత 'అను' పత్రములను భద్రపరచుకొనుచు, గోండీ పిల్లలకు పాఠము తయారుచేయవలసిన ఉపాధ్యాయునకు రెండు వ్యవస్థలు నిజముగానే కావలెను. ఇది వేడుక కాదు.

డిస్కును ఒక పొలమనుకొందము. దానిని చెక్కలుగా విడదీసి గెట్లు వేయుదురు. ఏ చెక్క ఎక్కడ మొదలై ఎంతవరకు ఉన్నదో తెలుపు పహాణీ ఒకటి డిస్కు మొదట ఉండును. పాత పద్ధతిలో ఈ పహాణీ మొదటి 512 బైట్ల గదిలోనే ఇమిడియుండెడిది: 446 బైట్లు యంత్రమును మేల్కొలుపు సంకేతమునకు, 64 బైట్లు నాలుగు చెక్కల వివరములకు, చివరి 2 బైట్లు ముద్రకు. మేల్కొలుపు సంకేతమునకు చోటు ఒక్కటే గనుక ఎవరు తరువాత వచ్చిన వారు ముందున్న వారిని తుడిచివేసెడివారు. లినక్స్ పెట్టిన పిమ్మట విండోస్‌ను మరల పెట్టినచో లినక్స్ మాయమైనదని మొరపెట్టుటకు కారణమిదే. అది మాయము కాలేదు, దాని ద్వారము మూతపడినది. కొత్త పద్ధతిలో పహాణీకి సాధారణముగా 128 వరుసలు ఉండును. ప్రతి వ్యవస్థకు ఒక చిన్న చెక్కలో వేరువేరు అరలు ఉండును. పెద్ద మెరుగు ఇది.

అయినను తగవులు పూర్తిగా తీరలేదు. 2024 ఆగస్టు 13న విడుదలైన విండోస్ సవరణ ఒకటి, భద్రత పేరిట పాత మేల్కొలుపు ప్రోగ్రాములను నమ్మరాదని నిర్ణయించినది. రెండు వ్యవస్థలున్న యంత్రములకు అది వర్తించదని చెప్పియుండిరి. కాని అట్టి యంత్రములను పెక్కింటిని అది గుర్తింపలేదు, వాటిలో లినక్స్ లేవలేదు. సరియైన దిద్దుబాటు వచ్చుటకు 2025 మే వరకు పట్టినది. పొరుగువానిని చూడకుండ గెట్టు జరుపుట ఇట్టిదే.

మార్గదర్శకములపై నా ముఖ్యమైన ఫిర్యాదు వేరు. అవి 'పక్కన నెలకొల్పుము', 'డిస్కు మొత్తము తుడువుము' అను రెండు మార్గములను ఒకే తెరపై, ఒకే పరిమాణపు అక్షరములలో చూపును. నాకు తెలిసిన ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుని యంత్రములో, సాయము చేయవచ్చిన విద్యార్థి రెండవదానిని ఎంచినాడు. మూడేండ్ల ప్రశ్నపత్రములు పోయినవి. కుర్రవానిని తిట్టి లాభము లేదు. ముందుగా పత్రములన్నిటిని వేరొక డిస్కులోనికి ఎత్తుకొనుటను మొదటి మెట్టుగా చెప్పవలసినది పోయి, అడుగున చిన్న గమనికగా చెప్పిన వ్రాతది తప్పు. అట్లే కొత్త విండోస్ తన చెక్కకు తాళము వేసికొనును. దాని 48 అంకెల తాళపుచెవిని కాగితముపై వ్రాసికొనకుండ గెట్లు కదలించరాదు.

మరి ఒక వ్యవస్థలోనే రెండవదానిని ఊహాయంత్రముగా నడుపరాదా? జ్ఞాపకశక్తి 16 జి.బి. ఉన్నవారికి అదియే మేలు. 4 జి.బి. యంత్రములో మాత్రము రెండును ఊపిరాడక కొట్టుకొనును. అందుచేత పాత యంత్రమునకే పక్కపక్క పద్ధతి తగినది. విండోస్ 10కు 2025 అక్టోబరు 14న సాధారణ సహాయము ముగిసినది. టి.పి.ఎం. 2.0 లేని పాత యంత్రములకు విండోస్ 11 పనికిరాదు. అట్టివానిలో పాత విండోస్‌ను 'అను' పత్రములకు మాత్రమే, ఇంటర్నెట్ లేకుండ ఉంచి, తక్కిన పనులన్నిటికి లినక్స్ వాడుట వివేకము. మూడవ, నాలుగవ వ్యవస్థలు గొప్ప చూపుకొనుటకే. కేవలము రుచి చూడదలచినవారు పెన్‌డ్రైవ్ నుండి నడుపవచ్చును, డిస్కుపై ఒక్క గెట్టు కదలదు.

చివరకు గడియారము సంగతి. యంత్రములోని గడియారము అంతర్జాతీయ కాలము చూపుచున్నదని లినక్స్, స్థానిక కాలము చూపుచున్నదని విండోస్ తలచును. కరీంనగర్‌లో ఉదయము 10 గంటలకు లినక్స్ ముగించి విండోస్ తెరచిన యెడల గడియారము 4:30 చూపును. మన కాలము 5:30 గంటలు ముందున్నందున వచ్చిన తేడా ఇది. తరగతిలో రేఖాంశములు చెప్పునపుడు చక్కని ఉదాహరణ! స్థానిక కాలమునే ఉంచుమని లినక్స్‌కు ఒక ఆజ్ఞ ఇచ్చిన చాలును. విదేశీ మార్గదర్శకములు దీనిని వద్దనును. ఏటా రెండుమార్లు గడియారము జరుపు దేశములలో వారి భయము సహేతుకమే. మన దేశములో గడియారము జరుపుట లేదు గనుక ఆ చిక్కు మనకు లేదు.