ఒకటో తారీకు లేని లెక్క

ఉద్యోగం వదిలి సొంతంగా పని చేసుకుంటానని ఎవరితో అన్నా, దొరికే మొదటి సలహా ఖర్చులు రాసుకోమని. కాదనను గానీ, నన్నడిగితే అది రెండో పని. ముందు రాయాల్సింది రాబడి. అందులోనూ ఎంత వచ్చిందనే దాని కంటే ఎప్పుడు వచ్చిందనేది. జీతం మీద బతికేవాళ్ళకి ఈ 'ఎప్పుడు' గొడవ ఉండదు. ఒకటో తారీకున ఫోన్ టింగుమంటుంది. ఇక తెలియాల్సింది డబ్బు ఎటు పోతోందన్నదే కాబట్టి లెక్కంతా ఖర్చు వైపే సాగుతుంది.

లండన్‌లో చదువుకునే రోజుల్లో గాంధీగారు బస్సు ఛార్జీలు, తపాలా ఖర్చు, పత్రికకి పెట్టిన చిల్లరతో సహా రాసి, రాత్రి పడుకోబోయే ముందు నిల్వ తేల్చేవారు. ఆత్మకథలో ఆ సంగతి ఆయనే చెప్పుకున్నారు. ఖర్చు రాయడమంటే అలా రాయాలి. అయితే అప్పటికాయన అన్నగారు పంపే డబ్బుతో చదువుకుంటున్న కుర్రాడు. ఎక్కణ్ణుంచి వస్తుందో తెలుసు, పొదుపుగా వాడుకుంటే చాలు. బిల్లు పంపి ఎదురుచూసే మనిషికి ఆ పద్ధతి ఒక్కటే సరిపోదు.

నేను ఓటీటీ సిరీస్‌లకి తెలుగు డబ్బింగ్ మాటలు రాస్తాను, మధ్యమధ్య పుస్తకాల అనువాదం. ఉద్యోగంలో ఉండగానే సాయంత్రాలు ఈ పని మొదలైంది. అప్పట్లో బయటి డబ్బు రెండు నెలలు ఆలస్యమైనా ఇంట్లో పాలు ఆగేవి కావు, బడి ఫీజు ఆగేది కాదు. ఎవరు ఎంత ఆలస్యం చేస్తారో తాపీగా చూడటానికి అంతకంటే మంచి సమయం దొరకదు. మానేశాక చూస్తే అదే ఆలస్యం కంగారుగా కనిపిస్తుంది. అందుకే లెక్క పుస్తకం రాజీనామాకి కనీసం ఏడాది ముందు మొదలవ్వాలంటాను.

ఏ పుస్తకం అంటే, పాత షావుకార్ల దగ్గర రెండుండేవి. చిట్టాలో ఏ రోజుది ఆ రోజు వరసగా పడేది. వెనకటి నిల్వ, జమ, ఖర్చు, రాత్రికి మళ్ళీ నిల్వ. ఆవర్జాలో మనిషికో పేజీ. ఫలానా ఆయన ఎప్పుడు సరుకు తీసుకెళ్ళాడు, ఎప్పుడు కట్టాడు, ఇంకా ఎంత బాకీ. ఫోన్లో దొరికే ఖర్చుల యాప్‌లు దాదాపు అన్నీ చిట్టాలే. తిండికింత, పెట్రోలుకింత అని రంగుల చక్రం గీసి చూపిస్తాయి. జీతం ఉన్నన్నాళ్ళు అది చాలు. ఒకటో తారీకు చేజారాక ఆవర్జా కావాలి.

నా ఆవర్జా మామూలు లాంగ్ నోట్‌బుక్కే. పని ఇచ్చినవాళ్ళకి తలా ఒక పేజీ. గళ్ళు: పని పేరు, అప్పగించిన తేదీ, బిల్లు పంపిన తేదీ, బిల్లు మొత్తం, డబ్బు పడిన తేదీ, పడిన మొత్తం, చివర్న రోజులు. ఒక పేజీ చూడండి. బాగా పేరున్న స్టూడియో. మాటలు అప్పగించింది ఆగస్టు 4. బిల్లు ఆగస్టు 6న, 60,000. డబ్బు పడింది నవంబరు 21న, 54,000. రోజుల గడిలో పడింది మూడంకెల సంఖ్య. ఎదుటి పేజీ పిల్లల పుస్తకాలు వేసే ఓ చిన్న ప్రచురణకర్తది. బిల్లు 9,000. వాట్సాప్‌లో పంపిన సాయంత్రమే పడింది. రోజుల గడిలో సున్నా.

ఆ ఆగస్టుకీ నవంబరుకీ మధ్య జరిగిందంతా మార్జిన్‌లో పెన్సిల్‌తో ఉంది. "ప్రాసెస్‌లో ఉంది మేడం." "అకౌంట్స్ ఆయన సెలవులో ఉన్నారు మేడం." "వెండర్ ఫారానికి క్యాన్సిల్డ్ చెక్కు జత చెయ్యలేదు మేడం." ఉగాది పంచాంగంలో ఆదాయ వ్యయాల పక్కనే రాజపూజ్యం, అవమానం కూడా ఎందుకు వేస్తారో ఆ మార్జిన్ చదివితే తెలుస్తుంది.

ఈ రోజుల గడి వల్ల నా పనుల ఎంపికే మారింది. రేటు తక్కువైనా సాయంత్రానికి డబ్బు పంపే ప్రచురణకర్త అడిగితే తొందర పని కూడా ఒప్పుకుంటాను. స్టూడియో పని వదులుకోను, పెద్ద మొత్తాలు వాళ్ళవే. కానీ మొదలుపెట్టే ముందు సగం అడ్వాన్సు అడుగుతాను. రేటు పెంచమంటే పదిమందిని కనుక్కోవాలంటారు, అడ్వాన్సు అంటే అంత ఇబ్బంది పడరు. మాటలు తెలుగులోకి వచ్చేదాకా ఎపిసోడ్ కదలదని వాళ్ళకీ తెలుసు.

చట్టం కూడా మన పక్షానే ఉంది, కాగితం మీద. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం, ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన చిన్న సంస్థకి, అది ఒక్క మనిషి నడుపుకునేదైనా సరే, రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. గడువు దాటితే బ్యాంకు రేటుకి మూడింతలు వడ్డీ. ఆ వడ్డీ కోసం దెబ్బలాడినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు, మళ్ళీ అక్కడే పని కావాలి మరి. పనికొచ్చే మెలిక ఇంకోటుంది. 2023-24 నుంచి, గడువు దాటించిన చిన్న సంస్థల బిల్లులని కంపెనీలు డబ్బు నిజంగా కట్టిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోవాలి. ఆలస్యం చేస్తే వాళ్ళ పన్నే పెరుగుతుంది. ఉద్యమ్ నమోదుకి పైసా ఫీజు లేదు. బిల్లు అడుగున ఆ నంబరు వేసుకున్నాక, మార్చి నెలాఖరులో అకౌంట్స్ వాళ్ళే నాకు ఫోన్ చేసిన సందర్భాలున్నాయి.

60,000 బిల్లుకి 54,000 పడటం వింత కాదు. వృత్తి ఫీజుల మీద పది శాతం టీడీఎస్ పట్టుకుని ఇస్తారు. పడినదే జమ అనుకోబోతుంటే మా ఆడిటర్ గారు ఆపారు. "జమ అరవై వేలే వెయ్యండమ్మా. ఆ ఆరు వేలూ ఎక్కడికీ పోలేదు, మీ పేరు మీద సర్కారు దగ్గర ఉన్నాయి. ఉన్నాయో లేదో మాత్రం మూణ్ణెల్లకోసారి చూసుకోండి." ఆ రెండో మాట ముఖ్యం. పట్టుకున్న పన్ను మన పాన్ కింద జమ అయిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో కనిపిస్తుంది. పట్టుకోవడంలో ఉన్న చురుకు కట్టడంలో అందరికీ ఉండదు.

ఇంకొక సదుపాయం ఉంది. డాక్టర్లు, వకీళ్ళు, ఇంజినీర్లు, సినిమా మాటల రచయితల వంటి కొన్ని వృత్తులవాళ్ళు, ఏడాది రాబడి 50 లక్షలు మించకపోతే, అందులో సగాన్ని ఆదాయంగా ఒప్పుకుని పన్ను కట్టేయొచ్చు. ఖర్చుల పుస్తకాలు చూపించనక్కర్లేదు. ముందస్తు పన్ను కూడా నాలుగు విడతల బదులు మార్చి 15 లోపు ఒక్కసారే. ఈ వెసులుబాటు చూసుకుని చాలామంది లెక్క రాయడమే మానేస్తారు. పన్ను వాళ్ళకి అక్కర్లేదు నిజమే. కానీ జూన్‌లో డబ్బు రానప్పుడు ఇంటి అద్దె కట్టేది పన్ను వాళ్ళు కాదు.

అద్దె కోసం నేను చేసిన ఏర్పాటు రెండు బ్యాంకు ఖాతాలు. పని డబ్బంతా ఒకదాంట్లో పడుతుంది. అక్కణ్ణుంచి నెలనెలా ఒకే మొత్తం ఇంటి ఖాతాకి వెళ్తుంది. నాకు నేనిచ్చుకునే జీతం అన్నమాట. ఎంత అనేది ఆవర్జాయే చెప్పింది. అన్నిటికంటే తక్కువ పడిన నెలలు కొన్ని తీసి, వాటి సగటు దగ్గర ఆగాను. బాగా వచ్చిన నెలని చూసి జీతం కట్టుకుంటే ఆ నెలే గుర్తుంటుంది, తర్వాతి నెల గుర్తుండదు. కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోమని అందరూ అంటారు. ఆ ఆరు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ చెప్పరు. పుస్తకంలో రోజుల గడి తిరగేసి, అన్నిటికంటే పెద్ద అంకె ఏదో చూసి, అలాంటి ఆలస్యాలు రెండు ఒకేసారి వచ్చిపడితే ఎన్నాళ్ళు తట్టుకోవాలో అంత దాచుకోవాలి. ఒకరికి అది నాలుగు నెలలు కావచ్చు, ఇంకొకరికి పది.

ఖర్చు లెక్కకి వస్తే, నేను టీ డబ్బులు రాయను. యూపీఐ వచ్చాక రాయనక్కర్లేదని అంతా అన్నారు, అన్నీ స్టేట్‌మెంట్‌లోనే ఉంటాయని. ఉంటాయి. ఎవరో ఆవిడ పేరు, పక్కన 60 రూపాయలు. కొట్టు పేరుండదు, యజమాని పేరుంటుంది. అవి పూలో, కొత్తిమీరో, ఆటో ఛార్జీయో బ్రహ్మకి కూడా తెలియదు. నేను విడిగా రాసేది ఇదివరకు ఆఫీసు మోసిన ఖర్చులే. గ్రూపు ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది, సొంత పాలసీ ప్రీమియం కొత్త పద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ ఎత్తేశారు గానీ, ప్రీమియం ప్రీమియమే. ఇంటర్నెట్, కంప్యూటర్ రిపేరు, నడుం నొప్పి పుట్టించని కుర్చీ. వీటన్నిటికంటే ఆశ్చర్యపరిచింది కరెంటు బిల్లు. పగలంతా ఇంట్లోనే ఏసీ నడిస్తే యూనిట్లు పెరగడమే కాదు, స్లాబు మారుతుంది.

పీఎఫ్‌లో యజమాని వేసే వాటా కూడా ఆగిపోతుంది. ఐదేళ్ళు నిండటానికి కొన్ని నెలలే ఉంటే గ్రాట్యుటీ కోసం ఆగడం మంచిది. ఇంటి అప్పు ఆలోచన ఉంటే పేస్లిప్ చేతిలో ఉండగానే తేల్చుకోవాలి. తర్వాత బ్యాంకువాళ్ళు రెండు మూడేళ్ళ రిటర్నులు తెమ్మంటారు.

ఆవర్జా చివర్లో 'ఊరికే' అని ఒక పేజీ ఉంది. ఇంట్లోనే ఉంటున్నానని తెలియగానే చుట్టాలందరికీ నా దగ్గర పని కనిపించింది. శుభలేఖ మాటలు, కాలనీ సంఘం కరపత్రం, ఎవరో అబ్బాయి షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టు ఓసారి చూసిపెట్టడం. డబ్బు అడగను, అడిగే ఉద్దేశమూ లేదు. కానీ బయటివాళ్ళయితే ఎంత బిల్లు వేసేదాన్నో ఎదురుగా రాస్తాను. సంవత్సరాంతంలో కూడి చూస్తే ఆ పేజీ దాదాపు ఒక నెల జీతమంత తేలింది. ఇప్పుడు పిన్ని ఫోన్ చేస్తే, "రాస్తాను పిన్నీ, ఆదివారం పంపిస్తా" అంటున్నాను. ఇదివరకు ఆ సాయంత్రమే రాసిచ్చేదాన్ని. ఆవిడకి కొంచెం కోపం వచ్చినట్టే ఉంది గానీ, పెళ్ళి ఫిబ్రవరిలో.