పసరు కారేదాకా

మా ఇంట్లో కలబందలు రెండు. ఒకటి గుమ్మానికి తలకిందులుగా వేలాడుతుంది, దిష్టి కోసం. రెండోది డాబా మీద పగిలిన బకెట్లో ఉంటుంది, చెమటకాయల కోసం. నీళ్లు పోసేది రెండోదానికే. అయినా మొదటిది నెలల తరబడి పచ్చగానే ఉంటుంది. ఎండపూట ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాకే తెరుస్తుంది. మట్టలో దాచుకున్న తడి ఊరికే పోదు. దిష్టి సంగతేమో గానీ ఆ పొదుపు మాత్రం నిజం.

మొదటిసారి మట్ట కోసిన రోజు నాకు అంత నిదానం లేదు. నిలువునా చీల్చి మెడకి రుద్దేశాను. చెమటకాయలు తగ్గలేదు సరికదా, వాటి పక్కనే కొత్తగా దద్దుర్లు. మా అత్తగారు చూసి ఒకటే అడిగారు: "పసరు కారనిచ్చావా అమ్మాయ్?"

కారనివ్వలేదు. తోలుకీ గుజ్జుకీ మధ్య పసుప్పచ్చటి పసరుంటుంది, కటిక చేదు. అది ఎండి గడ్డకడితేనే ముసాంబరం. చంటిపిల్లలకి పాలు మాన్పించడానికి తల్లులు రాసుకునేది అదే. విరేచనాలకూ వాడేవారు, డాక్టరు చీటీ లేకుండా అమ్మే విరేచనాల మందుల్లో అది ఉండకూడదని అమెరికా 2002లో నియమం పెట్టింది. దాన్ని నేను మెడకి పట్టించాను.

ఇప్పుడు అడుగున ముదిరిన మట్టను మొదలంటా కోసి, కోసిన వైపు కిందికి పెట్టి గ్లాసులో నిలబెడతాను. పావుగంట. గ్లాసులో చెంచాడు పసరు దిగుతుంది. తర్వాత కడిగి, అంచు ముళ్లు చెక్కి, తోలు తీసి, చెంచాతో గీకడమే. కత్తి పెడితే చేతిలోంచి జారిపోతుంది. మిక్సీలో తిప్పితే బోలెడు నురగ. అది దిగేదాకా మళ్లీ ఆగాలి. నిమ్మరసం, వంటసోడా కలపమనేవాళ్లున్నారు. నేను కలపను.

సీసాలో పోసింది చూసి మా అమ్మాయి నకిలీదంది. షాపుది ఆకుపచ్చగా ఉంటుందట! గుజ్జుకి అసలు రంగే లేదు. నూటికి 98 పాళ్లు నీళ్లే మరి, అందుకే ఫ్రిజ్‌లోనూ ఎక్కువ రోజులు ఆగదు. మిగిలింది ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టిస్తాను.

మొన్న కింద వాటా పిన్నిగారు, కుక్కర్ ఆవిరి తగిలి చెయ్యి కమిలిందని మట్ట అడిగారు. చూశాను, బొబ్బ లేవలేదు. మట్ట కోసి, గ్లాసులో నిలబెట్టి, గ్లాసుతో సహా ఇచ్చాను.