కమాను పట్టిన చేయి

చోడవరంలాంటి ఊళ్లలో పిల్లలకు సంగీతం చెప్పించాలనుకున్న తల్లిదండ్రులు ఇప్పుడు ముందుగా కొనేది కీబోర్డు. మెట్టు నొక్కితే స్వరం పలుకుతుంది, శ్రుతి తప్పుతుందన్న బెంగ లేదు. సినిమా పాటలు త్వరగానే వేళ్లకెక్కుతాయి. చిక్కల్లా తోడి రాగం దగ్గర వస్తుంది. అందులో గాంధారం ఒకచోట కుదురుగా నిలబడదు, ఊగుతూనే గాంధారం అనిపించుకుంటుంది. మెట్టుకీ మెట్టుకీ నడుమ దారి లేని వాద్యం మీద ఆ ఊపు ఎక్కడిది? పియానోకి వేరే బలం ఉంది, ఒకేసారి పది స్వరాలు పలికించగలదు. మన రాగానికి ఆ బలంతో పెద్దగా పని పడదు.

హార్మోనియంతోనూ ఇదే పేచీ. 1940లో ఆలిండియా రేడియో దాన్ని బయటికి పంపింది. 1971 దాకా ఆ కట్టడి సడలలేదు. మన పద్యనాటకాల వాళ్లు మాత్రం ఆ మాట చెవిన పెట్టలేదు, వాళ్లు చేసింది సబబే.

అదే పడమటి దేశాల నుంచి వచ్చిన ఫిడేలు మాత్రం మనదైపోయింది. దానికి మెట్లు లేవు కనుక వేలు ఎక్కడ ఆగితే అక్కడ స్వరం. 19వ శతాబ్ది తొలినాళ్లలో బాలుస్వామి దీక్షితార్ దాన్ని కర్ణాటక సంగీతానికి మలిచాడు. నాలుగు తీగలనూ షడ్జ పంచమాలకు శ్రుతి చేసి, నేలమీద కూర్చుని, ఫిడేలు తలను కుడి పాదం మీద ఆనిస్తారు. బరువు మోసే పని తప్పిన ఎడమచేయి తీగ వెంట ఇష్టం వచ్చినట్టు జారుతుంది. గమకాలన్నీ ఆ జారుడులోనే ఉన్నాయి.

ఇంత చేసినా చాలాకాలం అది గాయకుడి పక్క వాద్యమే. ఆ స్థితిని మార్చిన వారిలో ముందు చెప్పుకోవలసిన పేరు మన ఉత్తరాంధ్రదే: ద్వారం వెంకటస్వామి నాయుడు. 1893లో బెంగుళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగారు. చూపు మందం కావడంతో బడి చదువు సాగలేదు; అన్నగారు వెంకటకృష్ణయ్య దగ్గర ఫిడేలు పట్టారు. 1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల తెరిచినప్పుడు, విద్యార్థిగా చేరబోయిన పాతికేళ్ల నాయుడుగారిని ఆచార్యుడిగా నియమించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసు తర్వాత 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ కళాశాలలో ఆయన దగ్గర చదువుకున్నవారిలో పి.సుశీల ఒకరు.

ఫిడేలు విద్య అనగానే అందరూ ఎడమచేతి వేళ్లనే చూస్తారు. నాయుడుగారి గొప్పతనం కుడిచేతిలో ఉందని నేనంటాను. కమాను దిశ మారిన ప్రతిసారీ నాదంలో సన్నని విరుపు వస్తుంది. గమకం మధ్యలో ఆ విరుపు పడితే రాగం నలుగుతుంది. ఆయన పాశ్చాత్య విద్వాంసుల వాదనాన్ని శ్రద్ధగా విని, కమానును ఈ కొస నుంచి ఆ కొస దాకా నిడివిగా లాగే పద్ధతిని మన రాగానికి ఒప్పించారు. ఒత్తిడి పెంచి, తగ్గించి, ఒకే లాగుడులో నాదాన్ని ఉబ్బించి సన్నగిల్లజేస్తారు. గొంతు ఊపిరితో చేసే పని అది. గాయకుడు లేకుండా ఫిడేలు ఒక్కటే కచేరీ అంతా నడపగలిగిందంటే ఈ నాదబలం వల్లనే. వేగం చూపించి చప్పట్లు కొట్టించుకునే నేటి వాదనాల్లో నాకు కరువుగా కనిపించేది ఇదే.

1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1952లో మన దేశానికి వచ్చిన పాశ్చాత్య ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ ఆయన ఫిడేలు విని మెచ్చుకున్నాడు. 1957లో పద్మశ్రీ వచ్చింది. 1964లో ఆయన కన్నుమూశారు.

చోడవరం నుంచి విజయనగరం ఒక పూట ప్రయాణం. ఆ కళాశాల ఇంకా నడుస్తోంది. కీబోర్డు కొనవద్దని అనను. కొనే ముందు పిల్లలకు నాయుడుగారి పాత రికార్డు ఒకటి వినిపించండి, ఏది నేర్చుకోవాలో వాళ్లనే చెప్పనివ్వండి.