ఎంపీసీకీ బైపీసీకీ నడుమ బయోఫిజిక్స్

1935లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చేరినప్పుడు ఆండ్రూ హక్స్‌లీ మనసంతా ఫిజిక్స్ మీద, యంత్రాల మీద ఉంది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు తీసుకున్నాడు. నిబంధన ప్రకారం మరో సైన్సు సబ్జెక్టు కూడా ఉండాలి. ఫిజియాలజీలో ఇంకా తేలని సంగతులు బోలెడున్నాయని మిత్రుడొకడు చెబితే దాన్ని ఎంచుకున్నాడు. లెక్క సరిపెట్టడానికి పుచ్చుకున్న ఆ సబ్జెక్టే చివరికి అతని వృత్తి అయింది. 1939లో అలన్ హాడ్జ్‌కిన్‌తో కలిసి ప్లిమత్ సముద్రతీర ప్రయోగశాలలో స్క్విడ్ అనే సముద్రజీవి నాడీతంతువులోకి సన్నని ఎలక్ట్రోడ్ దించాడు. ఆ తంతువు మిల్లీమీటరు దాకా లావుంటుంది కాబట్టే అది సాధ్యపడింది. సంకేతం వెళ్ళే క్షణంలో లోపలి వోల్టేజీ ఎలా మారుతుందో ఇద్దరూ నేరుగా కొలిచారు.

అంతలో యుద్ధం వచ్చిపడింది. 1952లో గాని పూర్తి సిద్ధాంతం అచ్చు కాలేదు. సోడియం, పొటాషియం అయాన్లు కణం పొరను ఎప్పుడు, ఎంత జోరుగా దాటుతాయో చెప్పే సమీకరణాలవి. తీరా వాటిని సాధించాల్సిన సమయానికి కేంబ్రిడ్జి కంప్యూటరును మార్పుల కోసం ఆపేశారు. హక్స్‌లీ చేత్తో తిప్పే బ్రన్స్‌విగా యంత్రం ముందు కూర్చుని వారాల తరబడి లెక్కలు కట్టాడు. సంకేతం సెకనుకు 18.8 మీటర్ల వేగంతో పోవాలని లెక్క తేల్చింది. ప్రయోగంలో కనిపించిన వేగం 21.2. బతికున్న జీవి నాడి గురించి కాగితం మీద కట్టిన లెక్క అంత దగ్గరగా రావడం అప్పటికి మామూలు సంగతి కాదు. 1963లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

మన దగ్గర ఇలాంటి హక్స్‌లీ తయారవడానికి వ్యవస్థే అడ్డం. పదో తరగతి గట్టెక్కగానే సైన్సు పిల్లల్ని చాలావరకు రెండు వాటాలు వేస్తాం. ఎంపీసీలో చేరినవాడికి ఆ తర్వాత జీవకణంతో పని పడదు. బైపీసీలో చేరిన అమ్మాయికి కాలిక్యులస్‌తో పరిచయమే ఉండదు. పదిహేనేళ్ళ వయసులో, తరచూ ఇంట్లోవాళ్ళు ఇంజనీరా డాక్టరా అని తేల్చేసిన నిర్ణయం డిగ్రీలోనూ వెంటాడుతుంది.

ఇప్పుడు ఒక సందు దొరికింది. 2022 డిసెంబరులో యూజీసీ ప్రకటించిన చట్రం ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి కావలసిన 120 క్రెడిట్లలో కనీసం 24, నాలుగేళ్ళ ఆనర్స్‌కు కావలసిన 160లో కనీసం 32 మైనర్ సబ్జెక్టువి. ఆంధ్రప్రదేశ్‌లో 2023–24 నుంచి పాత మూడు సబ్జెక్టుల బీఎస్సీ పోయి, ఒక మేజర్, దాని పక్కన ఒక మైనర్ అనే పద్ధతి వచ్చింది. చాలామంది మేజర్‌కు దగ్గరి చుట్టమైన సబ్జెక్టునే మైనర్‌గా రాసిస్తున్నారు. సులువే, కానీ దండగ. అవతలి గట్టు చూడడానికి ఇచ్చిన క్రెడిట్లతో ఇవతలి గట్టునే ఇంకోసారి తిరగడం దేనికి?

అవతలి గట్టు చూపే మైనర్ బయోఫిజిక్స్: జీవుల పనితీరును ఫిజిక్స్ పద్ధతులతో చదివే శాస్త్రం. అది నేర్పే మొదటి విద్య అంచనా కట్టడం. నీటిలో ఒక చిన్న అణువు, ఏ తోడ్పాటూ లేకుండా, అటూ ఇటూ తడబడుతూ ఎంత దూరం పోగలదు? పది మైక్రాన్లు, అంటే ఒక కణం వెడల్పంత దూరం, సెకనులో ఇరవయ్యో వంతులో దాటేస్తుంది. సెంటీమీటరు దాటడానికి సుమారు పద్నాలుగు గంటలు కావాలి. మీటరుకు దాదాపు పదహారేళ్ళు! దూరం వెయ్యి రెట్లయితే సమయం పది లక్షల రెట్లవుతుంది. ఈ ఒక్క లెక్క చేసిన విద్యార్థికి కణాలు అంత చిన్నవిగా ఎందుకున్నాయో, పెద్ద జంతువులకు గుండె, రక్తనాళాలు ఎందుకు తప్పవో ఎవరూ విడిగా బట్టీ పట్టించనక్కర్లేదు.

ఇంకో లెక్క. విశ్రాంతిలో ఉన్న నాడీకణం పొరకు లోపలా బయటా తేడా 70 మిల్లీవోల్టులు. టార్చిలైటు బ్యాటరీతో పోల్చినా ఏ మూలకీ రాదు. కానీ ఆ పొర మందం ఏడెనిమిది నానోమీటర్లే. భాగించి చూస్తే మీటరుకు దాదాపు కోటి వోల్టుల విద్యుత్ క్షేత్రం! మీటరుకు ముప్పై లక్షల వోల్టుల దగ్గరే గాలిలో నిప్పురవ్వలు లేస్తాయి. పొరలోని ప్రొటీన్ ద్వారాలు వోల్టేజీ కాస్త మారగానే ఎందుకు తెరుచుకుంటాయో అప్పుడు ఆశ్చర్యమనిపించదు.

రెండో విద్య కొలత. ఇందులో మన భీమవరం వాడొకడున్నాడు. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి యల్లాప్రగడ సుబ్బారావు 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రచురించాడు. నమూనాలోని ఫాస్ఫేటును మాలిబ్డేటుతో కలిపి నీలిరంగు తెప్పించడం, ఆ రంగు చిక్కదనాన్ని బట్టి ఎంత ఉందో తేల్చడం. ద్రావణం ఎంత వెలుతురును మింగుతుందన్నది ఫిజిక్స్. దాంతో తెలిసింది మాత్రం కండరం గుట్టు. ఆ పద్ధతితోనే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం బయటపడింది. కండరం పని చేస్తే ఈ పదార్థం తరుగుతుంది, విశ్రాంతిలో మళ్ళీ పేరుకుంటుంది. కండరాన్ని నడిపేది లాక్టిక్ ఆమ్లమేనని అప్పటిదాకా నమ్మిన సిద్ధాంతం కూలిపోవడానికి ఈ ఆవిష్కరణ ఒక ముఖ్య కారణం. సుబ్బారావును మందుల ఆవిష్కర్తగానే తలుచుకునే మనం ఈ పనిని పెద్దగా పట్టించుకోం.

కొలత ఇప్పుడు ఎక్కడిదాకా వెళ్ళిందంటే, 1986లో ఆర్థర్ ఆష్కిన్ చూపిన లేజర్ పట్టకారుతో ఒక్క ప్రొటీన్ అణువు నడకను పట్టుకుంటున్నారు. కణంలో సరుకులు మోసే కైనెసిన్ ఒక్కో అడుగు ఎనిమిది నానోమీటర్లు వేస్తుందని 1993లో తేల్చారు. ఆష్కిన్‌కు నోబెల్ 2018లో, తొంభై ఆరేళ్ళ వయసులో వచ్చింది.

మూడో విద్య మద్రాసులో పుట్టింది. ఈ వ్యాసంలో ఎక్కువసేపు ఆగదగ్గ చోటు ఇదే. 1952లో జి.ఎన్. రామచంద్రన్ ముప్పై ఏళ్ళకే మద్రాసు విశ్వవిద్యాలయం ఫిజిక్స్ విభాగానికి అధిపతిగా వెళ్ళాడు. చర్మంలో, ఎముకల్లో, స్నాయువుల్లో ఉండే కొల్లాజెన్ నిర్మాణం ఇంకా తేలలేదని ఆ విభాగం చూడడానికి వచ్చిన స్ఫటిక శాస్త్రవేత్త జె.డి. బెర్నల్ చెప్పాడు. కొల్లాజెన్ కోసం వెతకనక్కర్లేదు. కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ అదే ఊళ్ళో ఉంది. కంగారూ తోక స్నాయువు మీద ఎక్స్‌రేలు వేస్తే మంచి చిత్రాలు వచ్చాయి. గోపీనాథ్ కర్తాతో కలిసి 1954లో మూడు పోగుల నిర్మాణాన్ని ప్రకటించాడు.

కేంబ్రిడ్జి వైపు నుంచి విమర్శ వచ్చింది. ఫ్రాన్సిస్ క్రిక్, అలెగ్జాండర్ రిచ్ ఆ నమూనాలో కొన్ని పరమాణువులు ఉండకూడనంత దగ్గరగా ఉన్నాయన్నారు. రామచంద్రన్ జగడానికి దిగలేదు. అసలు రెండు పరమాణువులు ఎంత దగ్గరకు రాగలవు అన్న ప్రశ్ననే పట్టుకున్నాడు. అప్పటికి తెలిసిన స్ఫటిక నిర్మాణాలన్నీ తిరగేసి కనీస దూరాలు తేల్చాడు. ఆ తర్వాత సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్‌లతో కలిసి, ప్రొటీన్ గొలుసులో ఒక్కో లంకె దగ్గర ఉండే రెండు మెలికల కోణాలను కొద్దికొద్దిగా మారుస్తూ, పరమాణువులు ఒకదాన్నొకటి ఢీకొనే స్థితులన్నిటినీ కొట్టేశాడు. మిగిలినవి పటం మీద కొన్ని దీవులు మాత్రమే. 1963లో అచ్చయిన ఆ రామచంద్రన్ పటంతో నేటికీ ప్రపంచంలో తేలిన ప్రతి కొత్త ప్రొటీన్ నిర్మాణాన్నీ సరిచూస్తారు. ఏది జరుగుతుందో తెలియనప్పుడు ఏది జరగడానికి వీల్లేదో ముందు తేల్చడం, ఇదే ఆ మూడో విద్య. బయాలజీ తరగతిలో అరుదుగా నేర్పే ఈ పద్ధతి ఫిజిక్స్ చదివినవాడికి వెన్నతో పెట్టిన విద్య.

బయోఫిజిక్స్‌ను మేజర్‌గానే చదవచ్చు కదా? డిగ్రీ స్థాయిలో మైనరే మేలు. ఒక శాస్త్రంలో పునాది గట్టిగా పడకుండా రెండింటి సరిహద్దులో నిలబడితే రెండూ పైపైనే మిగులుతాయి. వెంకీ రామకృష్ణన్ బరోడాలో ఫిజిక్స్ డిగ్రీ, అమెరికాలో ఫిజిక్స్ పీహెచ్‌డీ చేశాక, మళ్ళీ శాన్‌డియేగోలో బయాలజీ విద్యార్థిగా బల్లల మీద కూర్చున్నాడు. 2009లో రైబోజోమ్ మీద పనికి నోబెల్ అందుకున్నాడు. ప్రొటీన్ల ఆకారాలను కంప్యూటరుతో ఊహించినందుకు 2024లో నోబెల్ పంచుకున్న జాన్ జంపర్ కూడా డిగ్రీలో ఫిజిక్స్, లెక్కలు చదివినవాడే. డిగ్రీలోనే ఒక మైనర్ ఉంటే వెంకీలా వెనక్కి వచ్చి చదివే ఏళ్ళు కొన్నయినా కలిసొస్తాయి.

మైనర్ పేరు చూసి ఎవరూ ఉద్యోగమివ్వరు. ఆ ఆశతో చేరొద్దు. అయితే ఎంఆర్‌ఐ, రేడియోథెరపీ, మందుల రూపకల్పన వంటి పనులకు, సీసీఎంబీ వంటి జీవశాస్త్ర సంస్థల్లో పరిశోధనకు వెళ్ళాలనుకునేవారికి రెండు భాషలూ తెలియడం నిజంగా అక్కరకొస్తుంది. బైపీసీ నుంచి వచ్చినవారు మాత్రం మొదటి సెమిస్టర్‌లోనే లాగరిథమ్‌లు, కొద్దిపాటి కాలిక్యులస్ పట్టుబట్టి నేర్చుకోవాలి. అది లేకపోతే మిగతాదంతా సూత్రాల బట్టీయే.

పరికరాల్లేవని కాలేజీలు తప్పించుకోనక్కర్లేదు. ప్రొటీన్ డేటా బ్యాంక్ 1971లో ఏడు నిర్మాణాలతో మొదలై ఇప్పుడు రెండు లక్షలు దాటింది. అంతా ఉచితం, ఒక కంప్యూటరు చాలు. నీళ్ళు బాగా కలిపిన పాలచుక్కను జువాలజీ ల్యాబ్‌లోని మైక్రోస్కోపు కింద పెట్టి, కొవ్వు బిందువుల వణుకును ఫోనుతో వీడియో తీసి, ఎంత సేపట్లో ఎంత దూరం జరిగాయో కొలిస్తే పైన చెప్పిన పదహారేళ్ళ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. చేరే ముందు ఆ కాలేజీలో ఒక మాట అడగండి: ఈ మైనర్‌లో విద్యార్థులు తమ చేత్తో ఏం కొలుస్తారు? జవాబు రాకపోతే అక్కడ బయోఫిజిక్స్ వద్దు, స్టాటిస్టిక్స్ తీసుకోండి.