అతుకు మళ్లీ విప్పాల్సి వస్తే

పిల్లల్లో పిత్తనాళానికి చేసే పెద్ద ఆపరేషన్లలో ముఖ్యమైనది కోలెడోకల్ సిస్ట్ తొలగింపు. కాలేయం నుంచి పసరును పేగులోకి చేర్చే నాళం తిత్తిలా ఉబ్బడమే ఈ జబ్బు. ఆసియా దేశాల్లో, అందులోనూ ఆడపిల్లల్లో ఇది ఎక్కువ. ఉబ్బిన భాగాన్ని తీసేసి, పైన మిగిలిన నాళాన్ని చిన్నపేగు పాయకు కలిపి కుడతారు; అలా కుట్టిన చోటే అతుకు. ఈ పనిని చిన్న రంధ్రాల ద్వారా చేసే కీహోల్ పద్ధతిలో ఆరేళ్ల పాపకు చేసినట్టు ఇటలీకి చెందిన ఫారెల్లో బృందం 1995లో ప్రకటించింది.

ఆపరేషన్ తర్వాత తొలి రోజుల్లో భయమల్లా పసరు కారడం గురించే. డ్రెయిన్ గొట్టంలోకి పసరు వస్తుంటే అతుకు కారుతున్నట్టు. కొద్దిగా కారితే, గొట్టం అలాగే ఉంచితే చాలాసార్లు దానంతటదే మానుతుంది. నెలలు, ఏళ్ల తర్వాత వచ్చే చిక్కు వేరు. మానిన అతుకు మచ్చకట్టి ఇరుకవుతుంది. పసరు నిలిచిపోయి చలిజ్వరం, కామెర్లు, కాలేయంలోని నాళాల్లో రాళ్లు వస్తాయి. పేగు పాయ మెలిపడినా ఇవే లక్షణాలు. క్లోమంలో తిత్తి ముక్క మిగిలిపోతే అక్కడ వాపు, రాళ్లు. పెద్దయ్యాక క్యాన్సర్ ముప్పు కూడా.

మళ్లీ ఆపరేషన్ అనే ముందు కారణం తేలాలి. రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్, పిత్తనాళాలను చూపే ఎంఆర్‌సీపీ స్కాన్ ఆ పని చేస్తాయి. కొన్ని ఇరుకు అతుకులను చర్మం గుండా సన్నని గొట్టం పంపి, బెలూన్‌తో వెడల్పు చేయొచ్చు. అది కుదరనప్పుడే సర్జరీ.

ఒకప్పుడు పాత ఆపరేషన్ ఉందంటే పొట్ట కోయాల్సిందే అనుకునేవారు. ఇప్పుడు అనుభవమున్న చోట్ల కీహోల్‌లోనే చేస్తున్నారు. పేగులు పాత మచ్చకు అంటుకుని ఉంటాయి కనుక మొదటి రంధ్రాన్ని కంటికి కనిపించేలా, జాగ్రత్తగా తెరుస్తారు. అంటుకున్నవాటిని విడదీస్తూ, పేగు పాయ వెంట కాలేయం దాకా వెళ్తారు. పక్కనే కాలేయ ధమని, వెనక పెద్ద సిర, కష్టమంతా ఇక్కడే. మచ్చకట్టిన అతుకును కోసి, రాళ్లు తీసి, నాళం నోటిని వెడల్పు చేసి సన్నని దారంతో మళ్లీ కుడతారు. మెలిపడిన పాయను సరిచేస్తారు. దారి కనిపించకపోయినా, రక్తస్రావం ఆగకపోయినా పొట్ట తెరవాలి. అది ఓటమి కాదు, వివేకం.

రెండో సర్జన్ మొదట అడిగేది తొలి ఆపరేషన్ వివరాలే: నాళాలు ఎలా ఉన్నాయి, పాయను ఎటునుంచి తెచ్చారు, తిత్తి ఎంత మిగిలింది. పిల్ల బాగా ఉన్నా ఆ కాగితాలు భద్రంగా ఉండాలి, పరీక్షలు జీవితాంతం సాగాలి.