మాట పోనివ్వని పనితనం

డీవీడీ సినిమాను వీసీడీగా మార్చేటప్పుడు సబ్‌టైటిల్స్‌ను కాపాడేవాళ్ల ఓపికకు చేతులెత్తి మొక్కాలి. డీవీడీలో ఆ మాటలు అక్షరాలు కావు, బొమ్మలు. నాలుగు రంగులకు మించకుండా గీసి, దృశ్యం మీద పరిచే పలచని పొర. వీసీడీలో ఆ పొరకు చోటే లేదు, మాటలను దృశ్యంలోనే ముద్రించాలి. అందుకే సబ్‌రిప్ లాంటి ప్రోగ్రాం ముందు కూర్చుని, అది కొత్తగా చూపిన ఒక్కో ఆకారం ఏ అక్షరమో చెప్పాలి. ఒకసారి చెబితే గుర్తుపెట్టుకుంటుంది. ఇంగ్లిష్‌లో పెద్ద 'ఐ', చిన్న 'ఎల్' ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, తర్వాత వాక్యం వాక్యం చదివి దిద్దాలి. ఏ మాట ఎప్పుడు రావాలో, ఎప్పుడు పోవాలో సెకనులో వెయ్యో వంతు దాకా, అలా తయారైన సబ్‌టైటిల్ ఫైల్లో నమోదై ఉంటుంది. పాల్ (PAL) టీవీ పద్ధతి డీవీడీ అయితే 720 బై 576 చుక్కల దృశ్యాన్ని 352 బై 288కి కుదించాకే అక్షరాలు ముద్రించాలి. ముందే ముద్రిస్తే సన్నని గీతలు అలుక్కుపోతాయి. తెల్లటి అక్షరానికి నల్లటి అంచు కట్టాలి, పాత టీవీ చట్రం మింగేయకుండా కింద కాస్త జాగా వదలాలి. ఇంత శ్రద్ధ పెట్టారు కాబట్టే, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉన్న తెలుగు సినిమా చూస్తూ తెలుగు రాని కోడలు, అత్తగారు నవ్విన చోటే తానూ నవ్వగలుగుతుంది. ఒక ఇంటిని ఒకే కథ ముందు కూర్చోబెట్టే పని ఇది, ఎంత మెచ్చుకున్నా తక్కువే.